ఇన్సులిన్ ఒకరిది, క్యారేజీ ఒకరిది: ప్రైమరీ నర్సింగ్‌పై మా వార్డు నుంచి ఒక కేసు

గోదావరి డెల్టాలోని ఒక పట్టణంలో ప్రైవేటు ఆసుపత్రి సర్జికల్ వార్డుకు నేను ఇన్‌ఛార్జ్‌ని. ఇక్కడ రాస్తున్న కేసులో జబ్బు అరుదైనదేమీ కాదు. కాలి పుండుతో వచ్చే షుగర్ పేషంట్లు మా వార్డులో ఏ రోజు చూసినా ఇద్దరు ముగ్గురు ఉంటారు. డాక్టర్లున్నారు, మందులున్నాయి, నర్సులు ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేస్తున్నారు. అయినా ఒక మనిషి షుగర్ పడిపోయి రెండుసార్లు ప్రమాదంలోకి వెళ్లాడు. అది ఎలా జరిగిందో వెతుక్కుంటూ వెళ్తే మేం పని పంచుకునే పద్ధతి దగ్గర తేలాం. దానికి చివరికి మాకు దొరికిన దారి ప్రైమరీ నర్సింగ్, అంటే ఒక పేషంట్ నర్సింగ్ నిర్ణయాలన్నీ ఒకే నర్సుకు అప్పగించడం. పేషంట్‌ని గుర్తుపట్టకుండా వయసు, ఊరు, కుటుంబ వివరాల్లో కొన్ని మార్చాను.

వార్డు

ముప్పై పడకలు. పగలు ముగ్గురు స్టాఫ్ నర్సులు, రాత్రి ఇద్దరు. పొద్దుట ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి ఎనిమిది, ఆ తర్వాత నైట్. మామూలు ఆసుపత్రిలో ఐదుగురు పేషంట్లకు ఒక నర్సు, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మా దగ్గర పగలే పదిమందికి ఒకరు. ఈ చుట్టుపక్కల చాలా చోట్ల లెక్క ఇంతే.

ఇంత తక్కువ మందితో నడపాలంటే అందరికీ తోచే దారి పనిని ముక్కలు చేయడం. ఒక సిస్టర్ మందుల ట్రాలీ, ఇంకొకరు ఇంజెక్షన్లు, సెలైన్లు, మూడో ఆమె డ్రెస్సింగులు. బీపీ, టెంపరేచర్ ఎవరికి వీలైతే వాళ్లు. పుస్తకాల్లో దీన్ని ఫంక్షనల్ నర్సింగ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో నర్సులు సైన్యానికి వెళ్లిపోయి ఆసుపత్రుల్లో కొరత వచ్చినప్పుడు ఈ పద్ధతి బాగా పాతుకుపోయింది. పని త్వరగా అవుతుంది, కొత్తవాళ్లకు నేర్పడం తేలిక. నేనూ అందులోనే పెరిగాను. దాని మీద నాకు కోపం లేదు. నాలుగు రోజుల్లో ఇంటికి వెళ్లే హెర్నియా పేషంట్‌కి ఇప్పటికీ అది చాలు.

పేషంట్

అరవై దాటిన కౌలు రైతు. లంక గ్రామం. కొంత వరి, కొంత కొబ్బరి. పన్నెండేళ్లుగా షుగర్, నాలుగేళ్లుగా రోజుకు రెండు పూటలా 30/70 ఇన్సులిన్ (త్వరగా పనిచేసేదీ, నిదానంగా పనిచేసేదీ కలిపినది) తనే పొడుచుకుంటున్నాడు. కుడికాలి బొటనవేలు మొదట్లో, పాదం అడుగున ఆనె కట్టింది. నొప్పి తెలియదు కాబట్టి బ్లేడుతో కోసుకుని పొలానికి వెళ్లాడు. జ్వరం, పాదం వాపు వచ్చాక గానీ ఆసుపత్రి గుర్తుకు రాలేదు. అడ్మిషన్‌లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 10.8, అంటే బాగా ఎక్కువ. పాదంలో రక్తప్రసరణ బాగానే ఉంది, ఎక్స్‌రేలో ఎముకకు పాకిన జాడ లేదు. సర్జన్ పుండు శుభ్రం చేసి చెడిన కండ తీసేశారు, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. బొటనవేలు ఉంచుతామా తీసేస్తామా అన్నది రెండు మూడు వారాలు పుండు తీరు చూసి చెబుతామన్నారు.

కొడుకూ కోడలూ గల్ఫ్‌లో ఉన్నారు. చూసుకునేది భార్య ఒక్కతే. రాత్రి ఇంటికి వెళ్లి గేదెల పని చూసుకుని, పొద్దున వంట చేసి, రేవు దాటి, బస్సెక్కి క్యారేజీ తెచ్చేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. ఈ టైమే తర్వాత పెద్ద విషయమైంది.

ఏం జరిగింది

మొదటి వారంలోనే ఒక రోజు ఉదయం తొమ్మిది దాటాక, వార్డు ఊడుస్తున్న ఆయా వచ్చి “ఆ బెడ్డు పెద్దాయనకి ఒళ్లంతా చెమటలండీ, మాట తేడాగా ఉందండీ” అంది. షుగర్ చూస్తే 52. మెలకువగానే ఉన్నాడు కాబట్టి గ్లూకోజ్ నీళ్లు తాగించి, పావుగంటకు మళ్లీ చూసి, టిఫిన్ పెట్టారు. తేరుకున్నాడు. డ్యూటీ డాక్టర్ ఇన్సులిన్ తగ్గించారు. మర్నాడు, ఆ మర్నాడు షుగర్ 340 దాకా వెళ్లింది. వేరే డ్యూటీ డాక్టర్ పెంచారు. ఇంకో రెండు రోజులకు తెల్లవారుజామున మూడింటికి పిలిస్తే పలకలేదు. 25 శాతం డెక్స్‌ట్రోజ్ నరంలోకి ఇస్తే గానీ లేవలేదు.

కేస్ షీట్ తీసి చూశాను. ప్రతి గడీ నిండి ఉంది. ‘ఇన్సులిన్ ఇచ్చాం’, సంతకం. ‘షుగర్ చూశాం’, సంతకం. ‘డ్రెస్సింగ్ అయింది’, సంతకం. పట్టుకుని అడగడానికి ఒక్క తప్పూ లేదు. కాకపోతే అవన్నీ ఒకే మనిషి శరీరంలో ఒకదాని వెంట ఒకటి జరుగుతున్నాయని తెలిసినవాళ్లు ఆ సంతకాల్లో ఎవరూ కనబడలేదు.

మొదట డోసు గురించే ఆలోచించాం. ఇన్ఫెక్షన్ తగ్గుతున్నకొద్దీ ఒంటికి ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది, అందుకే పడిపోతున్నాడని ఫిజీషియన్ అనుమానం. సబబైన అనుమానమే. కిడ్నీ చెడిపోతే కూడా ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి షుగర్ పడుతుంది, క్రియాటినిన్ చూస్తే బాగానే ఉంది. కానీ ఈ రెండు కారణాల్లో ఏదైనా షుగర్ పడిపోవడానికి సరిపోతుంది గానీ, మధ్యలో 340కి ఎగరడానికి సరిపోదు. డోసు ఒకటే ఉన్న రోజుల్లోనూ అంకెలు ఒక దారిలో లేవు. అంటే డోసుకూ పేషంట్‌కూ మధ్యలో ఏదో మారుతోంది. ఆ మధ్యలో ఉండేది మేమే, నర్సులం.

ఒకటి మాత్రం వెంటనే దొరికింది. ఎనిమిదింటికి డ్యూటీ అప్పగించాలి కాబట్టి నైట్ సిస్టర్ ఏడూ ఏడుంబావుకల్లా అందరికీ ఇన్సులిన్ వేసేస్తోంది. ఈ రకం ఇన్సులిన్ అరగంటలో పని మొదలుపెడుతుంది, రెండు మూడు గంటలకు జోరందుకుంటుంది. ఈయన క్యారేజీ వచ్చేది తొమ్మిదిన్నరకు. నైట్ సిస్టర్‌కు క్యారేజీ టైము తెలియదు, మార్నింగ్ సిస్టర్ తొమ్మిదింటికి ఈయన ఒంట్లో ఏం పనిచేస్తోందో ఆలోచించదు. ఇన్సులిన్ ఒకరిది, క్యారేజీ ఇంకొకరిది.

మొదటి ప్రయత్నం

ఈయన్ని ముక్కలుగా చూడొద్దు, ప్రతి షిఫ్టులో ఒక సిస్టర్ అన్నీ తనే చూడాలి అని చెప్పాను. మందులు, ఇంజెక్షన్, డ్రెస్సింగ్, తిండి, షుగర్ అన్నీ. ఇది పాత పద్ధతే, కేస్ మెథడ్ అంటారు. అప్పటికి అంతకు మించి అవసరమని నాకు అనిపించలేదు, ఎందుకంటే సమస్య పని ముక్కలవడమే అనుకున్నాం.

షిఫ్టు లోపల మంచి ఫలితమే వచ్చింది. షిఫ్టు మారగానే అంతా మొదటికొచ్చేది. పొద్దుటి సిస్టర్ పాదం మీద బరువు పడకుండా కాలు దించవద్దని చెప్పి వెళ్తే, సాయంత్రం సిస్టర్ “కొంచెం నడవండి బాబాయ్ గారూ, ఒళ్లు పట్టేస్తుంది” అనేది. ఇద్దరూ ఆయన మంచి కోరే చెప్పారు. ఒకామె క్యారేజీ వచ్చేదాకా ఇన్సులిన్ ఆపింది, మర్నాడు డ్యూటీకి వచ్చినామె ఛార్టులో టైము దాటిపోయిందని ముందే వేసేసింది. పనిని కలిపాం గానీ నిర్ణయం ఇంకా రోజుకు మూడు చేతులు మారుతూనే ఉంది.

అప్పుడు ప్రైమరీ నర్సింగ్ గురించి చదువుకున్నది మళ్లీ తిరగేశాను. 1969లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో, స్టేషన్ 32 అనే వార్డులో మేరీ మాంథే, ఆమె తోటివాళ్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. దానికి ముందు టీమ్ నర్సింగ్ నడిచేది. టీమ్ లీడర్ ప్లాన్ చూసుకుంటే సభ్యులు పనులు చేసేవారు. మాంథే పద్ధతిలో ముఖ్యమైనవి నాలుగు. ఒక పేషంట్ నర్సింగ్ నిర్ణయాల బాధ్యత ఒకే నర్సుకు (ఆమే ప్రైమరీ నర్సు) అప్పగించడం, ఆమె దాన్ని ఒప్పుకుని తీసుకోవడం. రోజువారీ పనిని పేషంట్ల వారీగా పంచడం. మధ్యవర్తులు లేకుండా మాట్లాడుకోవడం. వార్డు మొత్తం నాణ్యతకు ఇరవై నాలుగు గంటలూ, వారంలో ఏడు రోజులూ ఒకరు జవాబుదారీగా ఉండడం.

ఇరవై నాలుగు గంటల బాధ్యత అనగానే మా స్టాఫ్ బెదిరిపోయారు. ప్రైమరీ నర్సు కూడా ఒక షిఫ్టే చేస్తుంది. ఆమె ఇంట్లో నిద్రపోతున్నప్పుడు కూడా ఆమె రాసిన ప్లానే నడుస్తుంది. ఆ టైములో పేషంట్‌ని చూసే అసోసియేట్ నర్సు దాన్ని తన ఇష్టానికి మార్చదు. నర్సుల సంఖ్య తక్కువ కాబట్టి ఇది మనకు కుదరదని అందరూ అనే మాట నేనూ అనేదాన్ని. మొదటి ప్రయత్నం చూశాక నాకు అర్థమైంది ఏమిటంటే, మాకు కొరత నర్సులదే కాదు, నిలకడగా ఉండే నిర్ణయానిది కూడా. ఈ రెండోదానికి కొత్త పోస్టు అక్కర్లేదు.

ఎవరికి ఇవ్వాలి

సీనియర్ సిస్టర్‌కి ఇద్దామనిపించింది మొదట. ఇవ్వలేదు. సీరియస్ కేసు వచ్చినా, థియేటర్‌లో మనిషి తక్కువైనా ముందు ఆమెనే లాగుతాం. పేరు ఆమెది, పని ఇంకొకరిది అవుతుంది. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి మూడేళ్లుగా మా దగ్గర ఉన్న ఒక అమ్మాయిని అడిగాను. తనదీ ఏటి అవతల ఊరే. ఆ నెలంతా తనకు నైట్ లేకుండా పగటి డ్యూటీలే వేయగలను. ఆమె అడిగిన మొదటి ప్రశ్న: “ఏదైనా అయితే నా మీదకి వస్తుందా మేడం?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఈ పద్ధతి మొదలుపెట్టడం అన్యాయం. అధికారం ఇవ్వకుండా బాధ్యత ఒక్కటే ఇస్తే నింద మోయడానికి మనిషిని నియమించినట్టే. నర్సింగ్ పరిధిలో ఆమె కారణం రాసి తీసుకున్న నిర్ణయానికి నేనూ సంతకం పెడతాననీ, ఈ పేషంట్ విషయంలో డాక్టర్లు నాతో కాకుండా ఆమెతోనే మాట్లాడతారనీ చెప్పాను. రెండోది అనుకున్నంత తేలిగ్గా అవలేదు. రౌండ్స్‌లో సర్జన్ అలవాటుకొద్దీ నా వైపే తిరిగి అడిగేవారు. నేను ఒక అడుగు వెనక్కి వేసి ఊరుకునేదాన్ని. ఆ అమ్మాయి మొదట్లో తడబడింది. పుండు కొలత, రాత్రి షుగర్లు, ఏ పూట ఎంత తిన్నాడో చూడకుండా చెప్పడం మొదలయ్యాక ఆయనే నేరుగా ఆమెను అడగసాగారు.

ఆమెకు దొరికినవి

మొదటి రోజు ఆమె మంచం పక్కన కూర్చుని అడ్మిషన్ ప్రశ్నలన్నీ మళ్లీ మొదటినుంచీ అడిగింది. ఇంట్లో ఇన్సులిన్ ఎలా వేసుకుంటారో చేసి చూపించమంది. ఆయన చొక్కా ఎత్తి బొడ్డుకు కుడిపక్కన ఒక చోటు చూపించాడు. నాలుగేళ్లుగా అక్కడే, ఎందుకంటే “అక్కడైతే నెప్పి తెలవదండీ.” చూస్తే ఏమీ కనబడలేదు. చేత్తో తడిమితే చర్మం కింద గట్టిగా, రబ్బరులా గడ్డ తగిలింది.

ఒకే చోట పదే పదే ఇన్సులిన్ వేస్తే కొవ్వు ఇలా గట్టిపడుతుంది. దాన్ని లైపోహైపర్‌ట్రోఫీ అంటారు. నొప్పి తెలియదు కాబట్టి పేషంట్‌కి అదే ఇష్టమైన చోటు. కానీ అందులో వేసిన ఇన్సులిన్ ఒంటికి సరిగ్గా పట్టదు, ఎప్పుడు ఎంత పడుతుందో చెప్పలేం. ఇంటి దగ్గర గడ్డలోనే వేసుకుని, షుగర్ తగ్గక డోసు పెంచుకుంటూ వచ్చాడు. వార్డులో కొందరు సిస్టర్లు “ఎక్కడ చేయమంటారు?” అని అడిగి ఆయన చూపిన చోటే వేశారు, ఇంకొందరు చేతికో తొడకో వేశారు. గడ్డలో పడిన రోజు 340. బాగున్న చోట పడిన రోజు అదే డోసు మొత్తం పనిచేసి షుగర్ పడిపోయింది. ఛార్టులో ‘ఇన్సులిన్ ఇచ్చాం’ అని ఉంటుంది, ఎక్కడ ఇచ్చామో రాసే గడి లేదు. డోసు పెంచిన డాక్టర్, తగ్గించిన డాక్టర్ ఇద్దరూ చేతిలో ఉన్న అంకె చూసి సరిగ్గానే నడుచుకున్నారు.

ఆమె ఫిజీషియన్‌కి చెప్పింది. గడ్డలు వదిలి మంచి చోట వేయడం మొదలుపెడితే పాత డోసు ఎక్కువవుతుంది కాబట్టి ఆయన ముందే తగ్గించారు. పొట్ట ఎడమవైపునూ, తొడలనూ గళ్లుగా విడగొట్టి ఏ పూట ఏ గడి అన్నది ఆమె ఒక బొమ్మ గీసి కేస్ షీట్‌కి పిన్ చేసింది. డాక్టర్ ఒప్పుకున్నాక ఉదయం ఇన్సులిన్‌ను ఏడింటి నుంచి క్యారేజీ వచ్చే తొమ్మిదిన్నరకు, అంటే మార్నింగ్ డ్యూటీలోకి మార్చింది. నైట్ సిస్టర్లకు ఒక పని తగ్గింది కాబట్టి వాళ్లు సంతోషించారు, మార్నింగ్ వాళ్లు కొంచెం సణిగారు.

రెండోది చెప్పులు. మా వార్డు గుమ్మం దగ్గర చెప్పులు విడవాలని బోర్డు ఉంది. శుభ్రత కోసం పెట్టిన రూలు, అందరూ పాటిస్తారు. స్పర్శ లేని పాదాలతో ఈయన కూడా బుద్ధిగా వట్టికాళ్లతో బాత్రూమ్‌కి వెళ్లి వస్తున్నాడు, అదీ పుండు మీద బరువు వేస్తూ. డ్రెస్సింగ్ ఎంత బాగా చేస్తే ఏం లాభం? పాదం ముందు భాగం మీద బరువు పడని చెప్పు తెప్పించి, అది వార్డులోనే వాడేదని ఆయా చేత ఒప్పించి, బాత్రూమ్‌కి వాకర్ ఏర్పాటు చేసింది. రెండో కాలికి కూడా చెప్పు ఉండాల్సిందేనని పట్టుబట్టింది. ఆ పాదానికీ స్పర్శ లేదుగా.

సోమవారం

షుగర్లు ఒక దారికొచ్చాయి. అప్పుడు ఒక సోమవారం, ఆమె వీక్లీ ఆఫ్ రోజున, పదకొండింటికి మళ్లీ 58.

అసోసియేట్‌గా ఉన్న సిస్టర్ ప్లాన్‌ని అక్షరాలా పాటించింది. ‘భోజనం ఎదురుగా ఉన్నాకే ఇన్సులిన్ ఇవ్వాలి’ అని ఉంది. క్యారేజీ వచ్చింది, మూత తీశారు, ఇన్సులిన్ ఇచ్చింది, వేరే పేషంట్ దగ్గరికి వెళ్లింది. తర్వాత వచ్చి “తిన్నారా బాబాయ్ గారూ?” అంటే “ఆయ్, తిన్నానండి” అన్నాడు. తినలేదు. పక్క మంచం అటెండెంట్‌కి పెట్టేశాడు.

మర్నాడు ప్రైమరీ సిస్టర్ ఆయన్ని నిలదీయలేదు. భార్యతో మెట్ల దగ్గర కూర్చుని మాట్లాడింది. అది కార్తీక మాసం. ముప్పై ఏళ్లుగా కార్తీక సోమవారాలు చుక్కలు కనపడేదాకా ఆయన ఏమీ తినడట. ఆసుపత్రిలో తిడతారని చెప్పలేదు. భార్యకు తెలుసు, ఆమెను ఎవరూ అడగలేదు. అంతకుముందు వారం సోమవారం కూడా మధ్యాహ్నం నీరసంగా ఉన్నాడని ఒక నర్సు రాసి ఉంది, రెండు సోమవారాలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు.

ఉపవాసం వద్దని గట్టిగా చెప్పేద్దాం అన్నాడు డ్యూటీ డాక్టర్. ఆమె ఒప్పుకోలేదు, నేనూ ఆమెతోనే ఉన్నాను. చెబితే మళ్లీ ‘ఆయ్’ అంటాడు, మళ్లీ తినడు, ఈసారి ఇంకా జాగ్రత్తగా దాస్తాడు. మనకు కావలసింది నిజం దాచాల్సిన అవసరం ఆయనకు లేకపోవడం. ఆయన ముందే వాళ్లింటి పురోహితుడికి ఫోన్ చేయించింది. రోగికి, వృద్ధుడికి ఆ నియమం పట్టింపు లేదు, పాలూ పళ్లూ పుచ్చుకోవచ్చని ఆయన చెప్పాడు. పూర్తిగా తినడానికి మాత్రం పెద్దాయన ఒప్పుకోలేదు. సోమవారాలకు వేరే డోసు, మూడు గంటలకోసారి పాలు లేదా అరటిపండు, మధ్యలో షుగర్ పరీక్షలు అని ఫిజీషియన్‌తో కలిసి రాసుకున్నారు. మిగిలిన సోమవారాలు ఏ గొడవా లేకుండా గడిచాయి.

ఈ సంఘటన నుంచే మా ప్లాన్ కాగితంలో పెద్ద మార్పు వచ్చింది. ‘భోజనం ఎదురుగా ఉన్నాకే’ అని రాస్తే చేసేవాళ్లకు ఏం చూడాలో తెలుస్తుంది, ఎందుకు చూడాలో తెలియదు. ఇప్పుడు ప్రతి సూచన పక్కన కారణం రాయడం తప్పనిసరి. ‘ఇన్సులిన్ వేశాక సగం టిఫిన్ కళ్లముందు తినాలి. కారణం: గంటలో తినకపోతే ఈయనకు షుగర్ పడిపోతుంది, పడినట్టు ఈయనకు తెలియదు.’ కారణం తెలిసిన నర్సు ప్లాన్‌లో లేని పరిస్థితిలో కూడా సరైన పనే చేస్తుంది. అసోసియేట్‌కి ప్లాన్ మార్చే అధికారం లేదన్నప్పుడు కనీసం ఈ కారణమైనా ఇవ్వాలి కదా.

వార్డులో వచ్చిన చిక్కులు

పేషంట్ల వారీగా బాధ్యత పంచగానే “నా పేషంట్ కాదు” అన్న మాట పుట్టింది. ఈయన మంచం దగ్గర బెల్ మోగితే పక్కనే ఉన్న సిస్టర్ కదల్లేదు ఒకసారి. అందుకని గీత గీశాం. బెల్, నొప్పి, పడిపోవడం, షుగర్ పడడం, రక్తస్రావం: ఎవరు దగ్గరుంటే వాళ్లదే. ప్లాన్ మార్చడం ఒక్కటే ప్రైమరీది. అత్యవసరమైతే అదీ మార్చవచ్చు, కారణం రాయాలి, మర్నాడు ప్రైమరీ దాన్ని ఉంచుతుంది లేదా తీసేస్తుంది.

పేషంట్ భార్య ప్రైమరీ సిస్టర్ సెల్ నంబర్ సంపాదించింది. రాత్రి పదింటికి “అమ్మాయ్, మీ బాబాయ్ గారు ఫోన్ చేసి అడుగుతున్నారు, మజ్జిగ తాగొచ్చా?” అని ఫోన్. ఆ అమ్మాయి మొహమాటంతో జవాబిచ్చేది. నేను ఆపించాను. ఆమె ఇంట్లో ఉన్నప్పుడు ఆమె ప్లాన్ పనిచేయాలి, ఆమె ఫోన్ కాదు. ఫోన్ లేకపోతే నడవని ప్లాన్ ఇంకా పూర్తిగా రాయనట్టే. ఆ రాత్రి నుంచి ‘రాత్రి ఆకలి వేస్తే’ అన్న వరుస ప్లాన్‌లోకి వచ్చింది.

ఇక పక్క మంచాల వాళ్లు. “ఆయనకి స్పెషల్ సిస్టర్ అంటండీ, ఎక్కువ కట్టారా?” ఆరోగ్యశ్రీ మీద ఉన్న పేషంట్‌ని పట్టుకుని ఆ మాట! వారానికి మించి ఉండే ప్రతి పేషంట్ మంచం దగ్గరా ప్రైమరీ నర్సు పేరు రాసిన స్లిప్ పెట్టాక ఆ మాట ఆగింది. అయితే పేరు రాయడం ఈ మొత్తంలో అన్నిటికంటే తేలికైన పని. బ్రిటన్‌లో 1991 పేషంట్స్ చార్టర్ ప్రతి పేషంట్‌కీ పేరు తెలిసిన నర్సు ఉండాలని చెప్పింది. పేరు తగిలించి నిర్ణయాధికారం ఇవ్వకపోతే, ఫిర్యాదు ఎవరి మీద చేయాలో తెలియడం తప్ప పేషంట్‌కి ఒరిగేది ఏమీ ఉండదు.

ఫలితం

బొటనవేలు దక్కింది. ఆ గొప్ప ప్రైమరీ నర్సింగ్‌ది అనను. ఎముకకు పాకకముందే సర్జన్ శుభ్రం చేయడం, పాదంలో రక్తప్రసరణ బాగుండడం, యాంటీబయాటిక్ పనిచేయడం ముఖ్య కారణాలు. అడ్మిషన్ ఇంకొంచెం ఆలస్యమై ఉంటే ఎంత మంచి నర్సింగ్ అయినా వేలు కాపాడేది కాదు. ఆ సోమవారం తర్వాత షుగర్ 70 కంటే కిందికి పోలేదన్నది మాత్రం నర్సింగ్ వల్లే అని చెప్పగలను. డ్రెస్సింగ్ వీలైనన్ని రోజులు ఒకే చేతి మీదుగా జరగడం వల్ల ఇంకో లాభం కలిగింది. ఒక రోజు పుండు అంచు తెల్లగా నాని ఉందని ఆమె గమనించింది. నిన్నటి పుండు చూసిన కంటికే నేటి తేడా తెలుస్తుంది. ప్యాడ్ తడి ఎక్కువసేపు నిలుస్తోందని సర్జన్‌కి చెప్పి డ్రెస్సింగ్ రకం మార్పించింది.

డిశ్చార్జ్‌కి ముందు ఆయన వేళ్లతోనే ఆయన పొట్ట మీద గడ్డను తడిమించి, బాగున్న చోటును తడిమించి, తేడా చెప్పించింది. భార్యకు కూడా నేర్పింది. రోజూ రాత్రి అద్దం పెట్టి పాదం అడుగు చూసుకోవాలి, ఆనె కడితే బ్లేడు పట్టకూడదు, పొలంలోకి మూసుకున్న చెప్పు లేకుండా దిగకూడదు. చివరిదానికి ఆయన నవ్వాడు. “చేలో బురదలో చెప్పెక్కడ నిలుస్తుందండీ?” నిజమే. బురద పని ఇంకొకరికి అప్పగించి గట్టు మీద పని తను చూసుకునేలా భార్యతో మాట తీసుకుంది. అంతవరకే కుదిరింది.

ఇప్పుడు

అందరికీ ప్రైమరీ నర్సు ఇవ్వలేదు, ఇచ్చే ఆలోచన కూడా లేదు. వారానికి మించి ఉండేవాళ్లు, ఇన్సులిన్ మీద ఉన్న పుండు పేషంట్లు, మంచం దిగలేనివాళ్లు, మాట చెప్పలేనివాళ్లు: వీళ్లకే. ఒక నర్సుకు అలాంటివాళ్లు ముగ్గురికి మించకూడదు. నలుగురిని ఇస్తే ఏమవుతుందో చూశాం, నాలుగో ప్లాన్ మొదటి దాని కాపీ అవుతుంది. మిగతా వార్డు పాత పద్ధతిలోనే నడుస్తోంది, ట్రాలీలతో సహా. రెండు పద్ధతులు కలిపి నడపడం గజిబిజి అని నర్సింగ్ చదువు చెప్పేవాళ్లు అభ్యంతరం చెప్పవచ్చు. పదిమందికి ఒకరున్న చోట నాకు ఇంకో దారి కనబడలేదు.

ఇన్సులిన్ ఛార్టులో ‘ఎక్కడ’ అన్న గడి చేర్చాం. అడ్మిషన్ ఫారంలో మూడు ప్రశ్నలు చేర్చాం: తిండి ఎవరు తెస్తారు, ఎన్నింటికి వస్తుంది, ఏ రోజుల్లో ఉపవాసం. రంజాన్ నెలలోనూ, క్రైస్తవులు ఉపవాసాలుండే లెంట్ రోజుల్లోనూ మూడో ప్రశ్న అంతే పనికొచ్చింది.

నైట్ డ్యూటీ సంగతి ఇంకా తేలలేదు. ఇద్దరు నర్సులు ముప్పైమందిని చూసే రాత్రి, అసోసియేట్‌కి ప్లాన్ చదివే తీరిక ఉండదు. ప్రస్తుతానికి ప్రైమరీ పేషంట్ల ప్లాన్‌లలో రాత్రికి సంబంధించిన వరుసలు ఒక్కటే విడిగా పచ్చ కాగితం మీద రాసి, ఎనిమిదింటి హ్యాండోవర్‌లో మంచం దగ్గరే చదువుతున్నాం.

మా దగ్గర నర్సులు రెండు మూడేళ్లకు మించి ఉండరు. గల్ఫ్‌కో, గవర్నమెంటు ఉద్యోగానికో వెళ్తారు. ఈ కేసు చూసిన అమ్మాయి కూడా ఇప్పుడు జర్మన్ భాష పరీక్షకు చదువుతోంది. వెళ్లే నర్సు పేషంట్లను తీసుకునే నర్సుకు ఆఖరి వారంలో కాగితం మీద కాకుండా మంచం పక్కన, పేషంట్, ఇంటివాళ్ల ఎదుట అప్పగించాలని పెట్టుకున్నాం. అందుకోసం ఆ వారం ఇద్దరికీ ఒకే షిఫ్ట్ వేయాలి, ఇంకో షిఫ్టులో ఒకరు తక్కువవుతారు. ఆ లోటు నేనే ట్రాలీ తోసి పూడుస్తున్నాను. మేనేజ్‌మెంట్‌కి లీవ్ రిజర్వ్ పోస్టు (సెలవులో ఉన్నవాళ్ల బదులు పనిచేసే అదనపు నర్సు) కోసం రాసిన కాగితం ఇంకా పెండింగ్‌లోనే ఉంది.